తునికాకు కాలంలో హాకీ క్యాంపు

ఉద్యోగంలో చేరిన మొదటిరోజు హెడ్మాస్టరు గారు నా చేతిలో ఒక ఈల, ఒక బెత్తం పెట్టారు. "ఈ రెండూ ఉంటే చాలమ్మా, నీ సబ్జెక్టుకు పుస్తకంతో పన్లేదు" అన్నారు. బెత్తాన్ని ఆ సాయంత్రమే వంటామెకు ఇచ్చేశాను, వంటింటి గుమ్మంలోకి వచ్చే కుక్కను అదిలించుకోమని. ఈలతో మాత్రం ముప్పై ఏళ్లు బతికాను.

భద్రాచలం అడవి అంచున ఆశ్రమ పాఠశాలల్లో వ్యాయామ టీచర్‌గా పనిచేసి దిగిపోయినదాన్ని. కొత్తగా పీఈటీ ఉద్యోగాల్లోకి వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, "మేడమ్, మీ అనుభవంలో నుంచి ఏమన్నా చెప్పండి" అంటుంటారు. సర్వీసు రిజిస్టరు సంగతులు, బదిలీల గొడవలు చెప్పి వాళ్ల చాయ్ చల్లార్చడం నాకిష్టం లేదు. ఎప్పుడూ ఒక్క పిల్ల కథే చెప్తాను. అందులో నా తప్పులున్నాయి కాబట్టి దాని నుంచి నేర్చుకునేది ఎక్కువ. చెప్పీ చెప్పీ నోటికొచ్చేసింది. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

కట్టెలు

నేను పుట్టి పెరిగింది కొత్తగూడెంలో, బొగ్గుగని క్వార్టర్లలో. షిఫ్టు దిగి, చెవుల వెనక మసి కూడా కడుక్కోకుండా హాకీ కట్టె పట్టుకుని గ్రౌండుకు ఉరికే మనుషుల్లో మా నాయన ఒకడు. ఆయన వెంట పోయి పోయి నాకూ ఆ పిచ్చి పట్టింది. ఉద్యోగం వచ్చిన ఊళ్లో హాకీ అంటే ఎవరికీ తెలియదు. మా స్కూలుకు సర్కారు పంపిన ఆటసామానల్లా ఒక క్యారమ్ బోర్డు, గాలి నిలవని రెండు వాలీబాల్ బంతులు.

ఒక శనివారం నా పాత హాకీ కట్టె తీసి పిల్లలకు చూపించాను. అందరూ కోయ గూడేల ఆడపిల్లలు. చేతులు మార్చుకుంటూ తిప్పి తిప్పి చూశారు. ఆదివారం ఊళ్లకు పోయి సోమవారం పొద్దున తలా ఒక కట్టె పట్టుకుని దిగారు. వెదురును దుంపతో సహా తవ్వి, కింద వంపు వచ్చేలా కత్తితో చెక్కినవి. కొన్ని నా కట్టెకంటే బాగున్నాయి. ఆ వారం నుంచే మా స్కూల్లో హాకీ మొదలైంది.

సామాను లేదని ఆట ఆపేసే పీఈటీని నేను నమ్మను. సామాను వచ్చాక బీరువాలో పెట్టి తాళం వేసుకునే పీఈటీని అసలే నమ్మను. ఇద్దరినీ చాలామందిని చూశాను.

ఆ కట్టెలు తెచ్చిన పిల్లల్లో కుంజా ముత్తమ్మ ఒకతి. అప్పటికి తొమ్మిదో తరగతి. పొడుగూ కాదు, పొట్టీ కాదు. మిగతా పిల్లలు ఎదుటి జట్టు బంతి తీసుకుని వస్తుంటే కట్టెలెత్తి మీదికి పోయేవాళ్లు. ఈమె పోదు. గోలుకు ముందు నిలబడి, కట్టె నేలకు ఆనించి, ఒక్కో అడుగే వెనక్కి వేస్తుంది. వచ్చే పిల్లకే తొందర పుడుతుంది. బంతి కట్టెకు జానెడు దూరం జరిగిందో లేదో, ముత్తమ్మ దగ్గర ఉంటుంది. లాక్కున్నట్టు కూడా ఉండదు, ఎవరో జారవిడిచింది ఏరుకున్నట్టు ఉంటుంది. ఇట్లాంటి బ్యాక్‌ను నేను మా నాయన జట్టులో కూడా చూడలేదు.

ఆకు కాలం

ఎనభైల్లో ఒక ఎండాకాలం, ఖమ్మంలో జిల్లా పోటీలయ్యాక ఉత్తరం వచ్చింది. రాష్ట్ర జూనియర్ అమ్మాయిల జట్టుకు హైదరాబాద్‌లో ఇరవై ఒక్క రోజుల క్యాంపు. మా జిల్లా నుంచి ఇద్దరు. మొత్తం ముప్పై మందిలో చివరికి పదహారు మందిని తీసుకుంటారు. ముత్తమ్మ పేరు పంపమన్నారు.

ఫారం నింపుతుంటే ఖమ్మంలో నాకు తెలిసిన ఒక పీడీ, కాలేజీలో ఆటలు నేర్పేవాడు, పక్కనే ఉన్నాడు. "బ్యాక్ అని రాస్తే ఎవరు చూస్తరు మేడమ్? బ్యాకులు హైదరాబాద్‌ల వాళ్లకే మస్తుగ ఉన్నరు. ఫార్వర్డ్ అని రాయండి. గోల్ కొట్టేటోళ్ల మీదనే కన్ను పడుతది" అన్నాడు. నాకు నిజమే అనిపించింది. ఆట స్థానం అనే గడిలో సెంటర్ ఫార్వర్డ్ అని అందంగా రాశాను. ముత్తమ్మను అడగలేదు. అడగాలన్న ఆలోచనే రాలేదు.

అసలు చిక్కు వాళ్లమ్మ దగ్గర వచ్చింది. మే నెల అంటే తునికాకు కాలం. బీడీలకు వాడే ఆ ఆకు కోసమే గూడెం గూడెమంతా తెల్లారకముందే అడవిలోకి పోతుంది. ఏడాదిలో ఇంటికి నాలుగు డబ్బులు కనబడేది ఆ కొన్ని వారాల్లోనే. నేను పోయేసరికి ముత్తమ్మ తల్లి ఎర్రమ్మ గుమ్మంలో కూర్చుని ఆకు కట్టలు కడుతోంది. నన్ను చూసి లేవలేదు, చేతులూ ఆపలేదు.

"ఆకు కాలంల పిల్లను పంపుమంటవా టీచరమ్మా? నీకు తెలివున్నదా?"

"ఇరవై ఒక్క రోజులే అక్కా. మళ్లా ఇసొంటి అవకాశం రాదు."

"అవకాశమంటే ఏంది? తినేదా? నేనొక్కదాన్ని ఎన్ని ఆకులు తెంపుత?"

నా నోట్లోంచి ఎట్లా వచ్చిందో తెలియదు. "ముత్తమ్మ బదులు నేనొస్త. నాకు సెలవులే గద" అన్నాను.

ఎర్రమ్మ అప్పుడు చేతులు ఆపింది. నన్ను తలనుంచి కాళ్లదాకా చూసి, ఇంట్లో ఉన్న ముత్తమ్మను పిలిచి కోయలో ఏదో అంది. ఇద్దరూ పడీ పడీ నవ్వారు. "సరే రా. రేపే రా" అంది.

ఖమ్మం నుంచి రెండో అమ్మాయిని తీసుకుపోతున్న మేడమ్‌కు ముత్తమ్మను అప్పగించాను. స్కూలు స్టోరులో ఉన్న కాన్వాసు బూట్లు ఒక జత ఇచ్చాను. బస్సెక్కిస్తూ ఒక మాట చెప్పాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. "అక్కడ అంత పెద్ద పెద్దోళ్లు ఉంటరు. ఏం చెప్తే అది చెయ్యి. ఎదురు మాట్లాడకు. అది కావాలె, ఇది కావాలె అనకు."

"అవ్ టీచర్" అంది ముత్తమ్మ.

పదకొండు రోజులు

క్యాంపులో ఏం జరిగిందో తర్వాత ముక్కలు ముక్కలుగా ముత్తమ్మే చెప్పింది. కొంత షాహీన్ చెప్పింది. షాహీన్ సికింద్రాబాద్ అమ్మాయి, బ్యాకులకు ముందు వరసలో హాఫ్ ఆడేది, ముత్తమ్మ పక్క మంచం.

పొద్దున అయిదింటికి ఈల. గ్రౌండు చుట్టూ పది రౌండ్లు. తర్వాత ఇటుకలు వరసగా పెట్టి వాటి మధ్య నుంచి బంతి తీసుకుపోవడం, గోడకు రెండు వందలసార్లు బంతి కొట్టడం. మధ్యాహ్నం నల్లబోర్డు మీద సుద్దతో గీతలు గీసి ఎవరు ఎటు ఉరకాలో పాఠం. మా పిల్లకు ఇదంతా నచ్చింది. ముఖ్యంగా ఆ సుద్ద గీతలు. ఆట ఆడకముందే ఆటను పైనుంచి చూడొచ్చని ఆమెకు అక్కడే తెలిసింది. ఆ గీతల్ని నోటుబుక్కు వెనక పేజీల్లో దించుకునేది.

తోటి పిల్లలతోనూ బాగానే కలిసిపోయింది. "మీ ఊర్ల పులులు ఉంటయా?" అని ఒకమ్మాయి అడిగితే, "ఉంటయి, బస్టాండు కాడ. బస్సు ఎక్కిచ్చి పోతయి" అందట. ఆ మాట విని రూమంతా రాత్రి పదిదాకా నవ్వారని షాహీన్ చెప్పింది.

కానీ పెద్దవాళ్ల ముందు నోరు విప్పేది కాదు. బూట్లు రెండు సైజులు పెద్దవి. లోపల గుడ్డలు కుక్కుకుని, మడమలు పుండ్లు పడినా చెప్పలేదు. మెస్సులో వడ్డించిన రెండు చపాతీలు తిని లేచేది. ఇంకోటి అడగొచ్చని తెలియదు. నేను వద్దన్నాను కదా. అన్నిటికంటే పెద్ద సంగతి, ఆమెను సెంటర్ ఫార్వర్డ్‌లో నిలబెట్టారు. నిలబడింది. బంతి వస్తే గోలు వైపు కాక, అలవాటుగా వెనక్కి చూసి తనవాళ్లకు ఇచ్చేసేది.

చీఫ్ కోచ్ ఖాదర్ సార్. వయసులో ఉన్నప్పుడు పెద్ద పెద్ద జట్లకు ఆడి, ఒక మోకాలు పోగొట్టుకుని కోచింగ్‌లోకి వచ్చిన మనిషి. గొంతు గ్రౌండు ఈ చివర నుంచి ఆ చివరకు వినబడుతుంది. "ఏయ్ భద్రాచలం! గోల్ ముందలున్నది, వెనక కాదు! ఎటు చూస్తున్నవ్?" అని రోజూ అరుపే. ముత్తమ్మ తల వంచుకునేది.

పదకొండో రోజు స్కూలుకు టెలిగ్రాం వచ్చింది. మీ అమ్మాయిని వచ్చి తీసుకుపోగలరు.

తల్లి చూపు

నాకు ఆ టెలిగ్రాం అందింది అడవిలో. పది రోజులుగా ఎర్రమ్మ వెంట ఆకు తెంపుతున్నాను. ఆమె రెండు కట్టలు కట్టేలోగా నేను సగం కట్ట కట్టేదాన్ని. కట్టకు యాభై ఆకులుండాలి, చినిగినవి ఉండకూడదు. నా కట్టల్ని ఆమె విప్పి, చిల్లులాకులు ఏరి పారేసి, మళ్లీ కట్టేది. "పిల్లలకు చదువు కూడ గిట్లనే చెప్తవా?" అని అడిగేది. గూడెమంతా నా పని చూడ్డానికే పొద్దున్నే లేచేదనుకుంటాను.

టెలిగ్రాం చదివి విషయం చెప్పాను. ఎర్రమ్మ నడుముకు కట్టుకున్న ఆకు సంచి విప్పి చెల్లెలి చేతిలో పెట్టింది.

"నేను గూడ వస్త."

"ఆకు కాలం అక్కా."

"నా పిల్లను పొమ్మన్నరంటె ఎందుకు పొమ్మన్నరో నేను చూడొద్దా?"

మర్నాడు మధ్యాహ్నానికి హైదరాబాద్ గ్రౌండులో ఉన్నాం. పిల్లలు రెండు జట్లుగా ఆడుతున్నారు. ఖాదర్ సార్ మాకు కుర్చీలు వేయించాడు. ఎర్రమ్మ కుర్చీలో కూర్చోకుండా గీత పక్కనే నేల మీద కూర్చుంది. అయిదు నిమిషాలు కదలకుండా చూసింది. తర్వాత అందరికీ వినబడేట్టు అడిగింది.

"మా పిల్ల ముందట ఎందుకు ఉరుకుతాంది? అది వెనక గద ఉండేది!"

ఖాదర్ సార్ తల తిప్పాడు. "ఏమన్నవమ్మా?"

"మా గూడెంల ఆడినా, బడిల ఆడినా అది వెనకనే ఉంటది. ముందటికి ఎవరు తోలిండ్రు?"

ఆయన ఈల ఊది ఆట ఆపాడు. నా వైపు చూశాడు. భూమి చీలితే బాగుండుననిపించింది గానీ, హైదరాబాద్ భూమి చాలా గట్టిది.

"నేనే సార్" అన్నాను. "ఫార్వర్డ్ అని నేనే రాసిన. అట్లయితే తీసుకుంటరని."

అంతమంది ముందు ఆయన కోపం ఎట్లా ఉంటుందో అనుకున్నాను. అరవలేదు. అరిచినా బాగుండేది. "పదకొండు రోజులు ఈ పిల్లను తప్పు జాగల నిలబెట్టి, తప్పు చేస్తున్నవని తిట్టిన. ఆ తిట్లన్నీ ఇప్పుడు ఎవరికి పోవాలె టీచరమ్మా?"

"నాకే సార్."

"నాకు గూడ" అన్నాడాయన. "పదకొండు రోజులు చూసి నేను గూడ పట్టలేకపోయిన. ఈమె అయిదు నిమిషాలల్ల పట్టింది."

ముత్తమ్మను పిలిచాడు. "బేటీ, నువ్వు బ్యాక్ ఆడతవా?"

ఆమె నా వైపు చూసింది. పర్మిషన్ అడిగే చూపు. ఆ చూపు చూశాక నాకు బస్సు దగ్గర నేనన్న మాట గుర్తొచ్చింది. "నన్ను చూడకు ముత్తమ్మా. సార్‌కు నువ్వే చెప్పు. ఉన్నదంతా చెప్పు" అన్నాను.

ముత్తమ్మ మెల్లగా మొదలుపెట్టింది. "నేను వెనకనే ఆడత సార్. ఈ బూట్లు జారుతున్నయి. పొద్దుగాల ఉరికేటప్పుడు ఆకలయితది." ఇంకా ఉన్నట్టుంది, ఆలోచించి అది కూడా కలిపింది. "మీరు జల్దీ జల్దీ మాట్లాడుతరు, సగం సమజ్ కాదు."

ఖాదర్ సార్ టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు. "అందరికీ అట్లనే ఉంటదా?" అని మిగతా వాళ్లను అడిగాడు. తలకాయలన్నీ ఊగాయి.

ముప్పై అయిదు నిమిషాలు

మర్నాడు పొద్దున ఒక ఆఫీసు ఉద్యోగినుల జట్టుతో ప్రాక్టీసు మ్యాచ్ ఉంది. అందరూ మా పిల్లలకంటే పదేళ్లు పెద్దవాళ్లు. "ఒక్క హాఫ్. ముప్పై అయిదు నిమిషాలు. అందుల చూస్త. తర్వాత నన్ను ఏమనొద్దు" అన్నాడు ఖాదర్ సార్. ముత్తమ్మకు సరిపోయే బూట్లు షాహీన్ ఎక్కడినుంచో పట్టుకొచ్చింది. పొద్దున టిఫిన్ దగ్గర ముత్తమ్మ ఆరు ఇడ్లీలు తిన్నదని మెస్సు అతనే వచ్చి నాకు చెప్పాడు.

మొదలైన రెండు నిమిషాలకే గోల్ పడింది, ముత్తమ్మ కాళ్ల పక్క నుంచే. కొత్త బూట్లు, పదకొండు రోజులు ముందు వరసలో ఆడిన అలవాటు, రెండూ కలిసి ఆమెతో ఒక అడుగు ఎక్కువ ముందుకు వేయించాయి. నేను కళ్లు మూసుకున్నాను. పక్కన ఎర్రమ్మ మాత్రం, "కానియ్. ఇగ వెనకకు వస్తది" అంది.

వచ్చింది. ఎదుటి జట్టులో ఒక పొడుగాటి ఆమె ఉంది, బంతి ఆమె కట్టెకు అతుక్కుని ఉన్నట్టుండేది. ఇద్దరిని దాటుకుని నేరుగా ముత్తమ్మ మీదికి వచ్చింది. మా పిల్ల కట్టె నేలకు ఆనించి ఒక అడుగు వెనక్కి వేసింది. ఇంకో అడుగు. ఆమె ఎడమకు ఊగింది, కుడికి ఊగింది. ముత్తమ్మ ఊగలేదు. చివరికి ఆమెకే విసుగొచ్చి బంతిని కాస్త పొడుగ్గా నెట్టింది. అంతే, బంతి లేదు. ఆమె మరో నాలుగడుగులు ఖాళీగా ఉరికి, వెనక్కి తిరిగి చూసి, తనే నవ్వేసింది.

ఆ తర్వాత జరిగిందే ఖాదర్ సార్ చాలా ఏళ్లు చెప్పుకునేవాడు. ఎదుటివాళ్లు ఎడమ వైపు నుంచి గుంపుగా వస్తున్నారు. షాహీన్ తప్పు చోట ఉంది. పదకొండు రోజులు పెద్దల ముందు నోరు విప్పని ముత్తమ్మ గొంతెత్తి అరిచింది. ఆ తొందరలో తెలుగు కాదు, కోయ వచ్చింది నోటికి. షాహీన్‌కు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ఆ అరుపుకు ఎటు పోవాలో తెలిసి అటు ఉరికింది. ఇద్దరూ కలిసి బంతిని బయటికి కొట్టారు.

"అరే! ఈ పిల్లకు గొంతున్నది!" అని ఖాదర్ సార్ ఎగిరి, మోకాలు పట్టుకుని కూలబడ్డాడు.

హాఫ్ అయ్యేసరికి మరో గోల్ పడలేదు. ఆయన దగ్గరికొచ్చి ముత్తమ్మకు కాదు, ఎర్రమ్మకు చెప్పాడు. "అమ్మా, పిల్లను ఇప్పుడు తీస్కపోవద్దు. ఇంక ఎనిమిది రోజులు నా దగ్గర ఉంచు."

ఎర్రమ్మ నన్ను చూపించి, "అయితే ఇది గూడ నా దగ్గర ఎనిమిది రోజులు ఉండాలె" అంది.

అట్లా నేను మళ్లీ అడవికి పోయాను. చివరి రోజులకు నా కట్టల్ని ఆమె విప్పి చూడ్డం మానేసింది. నా ఉద్యోగంలో అందుకున్న ఏ మెచ్చుకోలూ నాకు అంత సంతోషం ఇవ్వలేదు.

కొత్తగా వచ్చేవాళ్లకు

చాలామంది పిల్లలకు క్రమశిక్షణ పేరుతో మనం నేర్పేది భయం. చెప్పిన మాట వినే పిల్ల మనకు సుఖం. కానీ క్యాంపులో నొప్పి చెప్పని పిల్ల గాయంతో ఇంటికొస్తుంది, ఆకలి చెప్పని పిల్ల పదో రౌండుకు పడిపోతుంది. ముత్తమ్మ తర్వాత నేను క్యాంపులకు పంపిన ప్రతి పిల్లకూ ముందు అడగడం నేర్పాను. ఇంకో చపాతీ అడగడం, మళ్లీ చెప్పమని అడగడం, ఎందుకు అని అడగడం. దీంతో నాతో కూడా ఎదురు మాట్లాడటం మొదలుపెట్టారు. కొన్నిరోజులు తలనొప్పిగా ఉండేది, అలవాటైంది.

ఇంకొకటి. మంచి బాస్ ఎవరంటే, తన తప్పు పదిమంది ముందు ఒప్పుకునేవాడు. నా సర్వీసులో అట్లాంటివాళ్లు ఇద్దరే దొరికారు. అందులో ఒకాయన మోకాలు సరిగా లేని మనిషి.

రైలు

పదహారు మందిలో ముత్తమ్మ పేరు వచ్చింది. చలికాలంలో వేరే రాష్ట్రంలో పోటీలు. వాటి సంగతి ముందే చెప్పేస్తాను. మన జట్టు క్వార్టర్ ఫైనల్లో ఓడిపోయింది. ముత్తమ్మ మూడు మ్యాచ్‌లు పూర్తిగా ఆడింది. తర్వాత నాలుగేళ్లు రాష్ట్రానికి ఆడి, ఆటల కోటాలో ఉద్యోగం తెచ్చుకుని, ఇప్పుడు తనే పిల్లలకు నేర్పుతోంది. ఆమె శిష్యురాళ్లు నాతో కంటే ఆమెతో ఎక్కువ ఎదురు మాట్లాడతారు. చూసి ఆనందిస్తుంటాను.

నాకు బాగా గుర్తున్నది మాత్రం ఆమె ఆ పోటీలకు బయల్దేరిన రోజు. కొత్తగూడెంలో పొద్దుటి ప్యాసింజరు ఎక్కాలి. స్టేషన్ పేరు భద్రాచలం రోడ్ అని ఉండటం చూసి, "ఇది మన స్టేషనే" అని గూడెమంతా ఖాయం చేసుకుంది. మొదటి బస్సు నిండా వాళ్లే. ప్లాట్‌ఫారం మీద ముప్పై మంది చేరేసరికి ఎవరో నాయకుడు వస్తున్నాడనుకుని పోర్టర్లు కూడా నిలబడ్డారు.

రైలు పెట్టె లోపల ఎట్లా ఉంటుందో చూడాలని ఎర్రమ్మ ఎక్కింది. ఆమె వెనక చెల్లెలు, ఇంకో నలుగురు. వాళ్లను దింపడానికి నేను ఎక్కాను. బల్ల గట్టిగా ఉందా, కిటికీ తెరుచుకుంటుందా, నీళ్లు ఎక్కడ అని ఎర్రమ్మ ఒక్కొక్కటే చూస్తుండగా రైలు కదిలింది. ముందు మాకు తెలియలేదు. కిటికీలోంచి ప్లాట్‌ఫారం మీద వాళ్లు చేతులూపుతుంటే మేమూ ఊపాం.

స్టేషను దాటాక టికెట్ కలెక్టరు వచ్చాడు. ఏడుగురం, ఒక్కరి దగ్గరా టికెట్ లేదు. "టికెట్లేవి? ఏంది కథ?" అన్నాడు. టీచర్‌ను నేనున్నాను కదా, నేను మాట్లాడాలి. నేనేమో సంచిలో చిల్లర వెతుక్కుంటున్నాను. అప్పుడు ముత్తమ్మ లేచి నిలబడింది. కొత్త బ్లేజరు, చేతిలో టికెట్.

"టికెట్ నాకున్నది సార్. వీళ్లు నన్ను ఎక్కియ్యనీకి వచ్చిండ్రు, దిగుడు మర్చిపోయిండ్రు. కారేపల్లిల దిగుతరు. వాళ్లను ఏమనకుండ్రి. అడిగేదుంటే నన్నడుగుండ్రి."

ఆయన ఆ ఏడుగురినీ, బ్లేజరునూ మార్చి మార్చి చూశాడు. "ఇంతమంది ఎక్కియ్యనీకి వచ్చిండ్రంటే, నువ్వెవరమ్మా?"

"రైట్ బ్యాక్‌ను సార్" అంది ముత్తమ్మ.

అది ఏం ఉద్యోగమో ఆయనకు అంతుబట్టలేదు. కానీ బల్ల మీద ఉన్నవాళ్లను జరగమని, ఎర్రమ్మకు కిటికీ పక్కన చోటిప్పించాడు.